వినతాదేవి రెండవ గ్రుడ్డు

శ్రీమన్నారాయణునకు వాహనమై, ధ్వజమై, దాసుడై, సఖుడై వెలుగొందు వైనతేయుని వృత్తాంతము మహాభారతమున ఆదిపర్వమందు విస్తారముగా చెప్పబడినది. అమృతాపహరణ ఘట్టము ఆస్తికులందరికిని తెలిసినదే. తల్లి దాస్యమును తీర్చుటకై స్వర్గమునకెగసి, దేవతలను గెలిచి, అమృతకలశమును చేపట్టియు ఒక్క చుక్కయైనను రుచిచూడని ఆ నిగ్రహమును హరికథకులు ఎంతసేపైనను గానము చేయుదురు. కాని ఆ తల్లికి దాస్యమేల కలిగెను? పందెములో ఓడుటచేత అని వెంటనే సమాధానము వచ్చును. పందెము తరువాతి మాట. దానికి ముందే ఒక శాపము కలదు. ఆ శాపమునకు మూలము ఒక గ్రుడ్డు. ఈ చిన్న కథవద్ద మనవారు సాధారణముగా నిలువరు. నేడు అక్కడనే కొంతసేపు నిలువవలెనని నా సంకల్పము.

కశ్యపప్రజాపతి వరము కోరుకొనుడనగా కద్రువ సమాన తేజస్సుగల వేయిమంది నాగులను కుమారులుగా కోరినది. వారికంటె బలాధికులగు ఇరువురు చాలునని వినత కోరినది. గర్భములను జాగ్రత్తగా కాపాడుకొనుడని చెప్పి కశ్యపుడు వనమునకు వెడలెను. కద్రువకు వేయి గ్రుడ్లు, వినతకు రెండు గ్రుడ్లు కలుగగా పరిచారికలు వానిని వెచ్చని పాత్రలయందుంచిరి. 500 సంవత్సరములు గడచినవి. కద్రువ గ్రుడ్లు పగిలి నాగులు వెలువడిరి. వినత గ్రుడ్లు కదలలేదు. సవతి ఇంట వేయిమంది బిడ్డలు తిరుగాడుచుండగా తన ఇల్లు నిశ్శబ్దముగా నుండెను. ఆమె సిగ్గుపడినదని వ్యాసభగవానులు ఒక్క మాటతో చెప్పిరి. ఆ సిగ్గుతో, ఆ ఆరాటముతో ఆమె ఒక గ్రుడ్డును పగులగొట్టినది. లోపల నున్న బిడ్డకు నడుమునకు పైభాగము మాత్రమే ఏర్పడియున్నది. క్రిందిభాగము ఇంకను రూపుదాల్చలేదు. అతడే అరుణుడు, పిమ్మట సూర్యభగవానుని సారథి. నీ సవతికే దాసివి కమ్మని అతడు తల్లిని శపించెను. ఈ రెండవ గ్రుడ్డునైనను తొందరపడి పగులగొట్టకుము, మరి 500 సంవత్సరములు ఓర్చుకొనుము, ఇందుండి వచ్చువాడే నిన్ను విడిపించునని కూడ చెప్పెను.

వినత బిడ్డను ద్వేషించినది కాదు. చంపదలచినదియు కాదు. చూడదలచినది, అంతే. కాలము రాకమునుపే చూడదలచినది.

ఈ కథను నాకు మరల జ్ఞాపకము చేసినది మన పల్లెలలో నేటికిని కనబడు గరుడపక్షి. శిరస్సు, కంఠము, వక్షఃస్థలము తెలుపు. తక్కిన శరీరమంతయు మంచి కావిరంగు. ఆంగ్లమున దీనిని బ్రాహ్మినీ కైట్ అందురు. మలయాళదేశమున కృష్ణపరుంతు అని వ్యవహారము. డేగలు, గద్దలు, గరుడపక్షి ఒకే కుటుంబమునకు చెందినవని పక్షిశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ పక్షియే సాక్షాత్తు వైనతేయుడా అని అడుగువారు గలరు. కాదు, ఆయన నిత్యసూరి, వేదమయుడు. పురాణగరుడుడు సర్పభక్షకుడు, ఈ పక్షి ఎక్కువగా చేపలు, పీతలు, చచ్చిన ప్రాణులు తిని జీవించును, పాములు అరుదు. అయినను దీనిని చూచి చేతులు జోడించు మన పెద్దల అలవాటును నేను ఆక్షేపింపను. పేరు వినినంతనే స్వామి స్మరణకు వచ్చుచుండగా ఆక్షేపణ మెందులకు?

ఈ పక్షి నీటి పొరుగున నున్న పెద్ద చెట్లపై పుల్లలతో గూడు కట్టును. లోపల ఆకులు పరచును. ఒకసారి కుదిరిన చోటికే ఏటేట తిరిగి వచ్చుట కలదు. గ్రుడ్లు సామాన్యముగా రెండు. ఈ సంఖ్యను మొదట వినినప్పుడు నేను నిజముగా ఉలికిపడితిని. గూడు కట్టుటలో, పిల్లలను మేపుటలో తల్లిదండ్రులిరువురును పాల్గొందురు; పొదుగుట మాత్రము తల్లి వంతని పరిశీలకుల మాట. 26, 27 దినములు పొదిగినగాని పిల్ల వెలువడదు. పిమ్మట ఆరేడు వారములకుగాని రెక్కలపై లేవదు. ఆ పిల్లలకు తెల్లని శిరస్సు ఉండదు, ఒడలంతయు గోధుమరంగే. వానిని చూచి మామూలు గద్దలని భ్రమపడువారే ఎక్కువ. గద్ద తోక కొస చీలియుండును, గరుడుని తోక గుండ్రన; ఇదే ఆనవాలు.

ఈ సంగతులు కొన్ని గ్రంథములవలన, కొన్ని మా దౌహిత్రునివలన తెలిసికొంటిని. అతనికి ఛాయాచిత్రములు తీయుట వ్యసనము. కోనసీమలో ఒక కాలువగట్టున రావిచెట్టుపై గరుడపక్షులు గూడు కట్టగా, దూరముగా నున్న ఒక మేడపై కెమెరాను నిలిపి, మాఘాంతమునుండి వైశాఖమువరకు వీలైనప్పుడెల్ల పోయి కూర్చుండెను. మొదటి నెల చిత్రములలో ఆకులు, ఆకుల సందున తల్లి తెల్లని తల, అంతకుమించి ఏమియు లేదు. అడ్డముగా నున్న కొమ్మను వంచి కట్టినచో గ్రుడ్లుకూడ కనబడునని తోడివాడొకడు సలహా చెప్పెనట. మావాడు ఒప్పుకొనలేదు. ఉగాది దాటిన పిదప ఒక చిత్రము చూపెను: మిట్టమధ్యాహ్నమున తల్లి గూటి అంచున నిలిచి, రెక్కలు విప్పి పిల్లలపై నీడపట్టుచున్నది. తల్లి ముక్కు తెరచియున్నది. ఆ కొమ్మయే లేకున్నచో ఆ ఎండ ఎంత పడెడిదో చూచువారికి తెలియును.

తోడివాని సలహా దుర్మార్గునిది కాదు. చిత్రము స్పష్టముగా రావలెనను ముచ్చట. కాని ఆకులు తీసివేసిన గూడు ఎండకును కాకులకును తెరచిపెట్టినట్లే. మనుష్యుడు దాపునకు వచ్చినచో తల్లి లేచిపోవును; లేచిపోయినంతసేపు గ్రుడ్డు తాపమున మాడును, లేదా కాకి పాలగును. పలుమారులు బెదరినచో గూటిని విడిచిపోవుటయు కలదు. నేడు ఆకాశమున ఎగురు డ్రోను యంత్రములను గూటిమీదికి పంపువారుకూడ ఉన్నారు. బాణము లేదు, వల లేదు, ఇది హింస ఎట్లగునని వారు వాదింతురు. పూర్వము డేగలను పట్టి, మచ్చికచేసి వేటాడుట రాజుల వినోదము. చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమున శ్యేనవినోదమని ఒక భాగము కలదు, రుద్రదేవుని శ్యైనికశాస్త్రము ఆ విద్యకే ఏర్పడిన గ్రంథము. అది వేటయని అందరును ఒప్పుకొందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేట అను మాటకు అర్థము చెప్పుచు, పక్షుల గ్రుడ్లను పాడుచేయుటయేగాక, గ్రుడ్లను గాని గూళ్లను గాని కలతపెట్టుటనుకూడ అందులోనే చేర్చినది. చట్టము వ్రాసినవారు ఆదిపర్వము చదివిరో లేదో గాని, అరుణుని మాటను మాత్రము గ్రహించిరి.

భక్తులయెడ మరియొక పొరపాటు కలదు. గూడున్న చెట్టుక్రిందికి పోయినప్పుడు గరుడపక్షి సన్నని గొంతుతో అరచుచు మన తలపై తిరిగినచో, స్వామి కటాక్షించి ప్రదక్షిణము చేసినాడని మురిసి అచ్చటనే నిలిచిపోవుదురు. కుంభాభిషేకవేళ గోపురముపై ఎత్తున, మౌనముగా తేలిపోవు గరుడుని దర్శనము వేరు, ఇది వేరు. ఇది భయపడిన తల్లి, పొమ్మని మొరపెట్టుచున్నది. పదడుగులు వెనుకకు వేసినచో ఆ అరుపు ఆగును. పరీక్షించి చూడవచ్చును.

చూడవలెనను కోరిక మనకు తప్పు కాదు. వైష్ణవులమగు మనకు దర్శనమే జీవనము. కాని ఆ దర్శనమునకు ఆలయమున మర్యాద యెట్లున్నది? నివేదన సమయమున అర్చకస్వామి తెర వేయును. ఎంత దూరమునుండి వచ్చిన యాత్రికుడైనను తెర వెలుపల నిలిచి, ఘంటానాదము వినుచు వేచియుండును. తెర తొలగించి చూచెదనని ఎవడును ముందునకు పోడు. స్వామి లోపల ఉన్నాడనుటకు ఆ ఘంటయే చాలును. రావిచెట్టు ఆకులు ఆ తల్లికి అట్టి తెర.

కొమ్మ మాట వచ్చినది గనుక, గరుడుని కథలోనే నున్న మరియొక కొమ్మ సంగతి చెప్పవలసియున్నది. అమృతమునకై పోవుచు, మహాక్షుధతో, గజకచ్ఛపములను రెండు పాదములతో పట్టుకొని ఆయన ఒక మహావటవృక్షముపై వాలెను. పాదము తగిలినంతనే నూరుయోజనముల కొమ్మ విరిగెను. చూడగా ఆ కొమ్మకు వాలఖిల్యమహర్షులు తలక్రిందులుగా వ్రేలాడుచు తపస్సు చేయుచుండిరి, బొటనవ్రేలంతటి వారు. కొమ్మ పడినచో వారు నశింతురని ఆయన దానిని ముక్కున కరచుకొని, కాళ్లలో ఏనుగును తాబేలును మోయుచు, దించుటకు చోటు కానక పర్వతములచుట్టును మెల్లగా తిరిగెను. ఆకలి తీరలేదు, అమృతము ఇంకను దూరమున నున్నది. తుదకు గంధమాదనమున తండ్రిని చూచెను. కశ్యపుడు ప్రార్థింపగా వాలఖిల్యులు కొమ్మను విడిచి హిమవంతమునకు పోయిరి. అప్పటికిని గరుడుడు కొమ్మను వదలలేదు. నోటినిండ కొమ్మయుండగా, మాట స్పష్టముగా రాకున్నను, మనుష్యులు లేని చోటెక్కడనో చెప్పుమని తండ్రి నడిగెను. మంచుతో నిండిన ఒక నిర్జనపర్వతమును కశ్యపుడు చూపెను. అంత దూరమును ఎగిరిపోయి, అచ్చట ఆ కొమ్మను విడిచి, అటుపిమ్మటనే ఆయన భోజనమునకు కూర్చుండెను.