రుజువు భారం ఎవరిది?

1954లో వియన్నా నగరంలో ఆండ్రియాస్ రెట్ అనే పిల్లల వైద్యుని నిరీక్షణ గదిలో ఇద్దరు బాలికలు తల్లుల ఒడిలో కూర్చుని ఉన్నారు. ఇద్దరూ చేతులను ఒకే తీరున, నీళ్లలో కడుగుతున్నట్లు, ఎడతెగక నులుముకుంటున్నారు. ఆ సామ్యం వైద్యుని కంటబడింది. 1966లో ఆయన జర్మన్ భాషలో ప్రకటించిన పరిశీలన చాలాకాలం ఆ భాషా పరిధిని దాటలేదు. 1983లో స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ హాగ్‌బర్గ్, ఆయన సహచరులు ఇంగ్లీషులో ప్రచురించిన వ్యాసంతోనే రెట్ సిండ్రోమ్ లోకానికి పరిచయమైంది. మాట పోయిన పిల్లల గురించిన మాట కూడా అన్నేళ్లు వినబడకపోవడం గమనార్హం.

1999లో హుదా జోగ్బీ పరిశోధక బృందం దీనికి మూలమైన జన్యులోపాన్ని కనుగొన్నది. సుమారు పదివేల మంది ఆడశిశువులలో ఒకరికి వచ్చే ఈ వ్యాధి మగపిల్లలలో బహు అరుదు. ఆరు నుంచి పద్దెనిమిది నెలల వయసు దాకా శిశువు ఎదుగుదల దాదాపు మామూలుగానే సాగుతుంది. ఆ తరువాత నేర్చిన మాటలు, వస్తువును పట్టుకునే నేర్పు క్రమంగా జారిపోతాయి. 2023లో అమెరికాలో ఒక మందుకు అనుమతి లభించినా, అది వ్యాధిని నయం చేసేది కాదు.

ఇక్కడే నైతిక ప్రశ్న మొదలవుతుంది. సాధారణ బుద్ధి పరీక్షలు బిడ్డను నోటితో చెప్పమంటాయి, లేదా వేలితో చూపమంటాయి. వ్యాధి హరించినవి సరిగ్గా ఆ రెండే. వాటితోనే కొలిచి "ఈమెకు ఏమీ తెలియదు" అని తీర్మానించడం న్యాయమేనా?

చరిత్రలో ఇది కొత్త పొరపాటు కాదు. పుట్టుకతో చెవిటి, మూగ అయినవారు వీలునామా రాయజాలరని ఆరవ శతాబ్దపు జస్టీనియన్ శాసనం నిర్దేశించింది. పద్దెనిమిదవ శతాబ్దంలో పారిస్‌లో అబే ద లెపే సంజ్ఞలతో బధిరులకు చదువు చెప్పాడు. ఆ మధ్యకాలంలో బధిరుల బుద్ధి పెరగలేదు. వారితో మాట్లాడే దారి దొరికింది, అంతే.

తగిన ఆధారం లేనప్పుడు, తప్పని తేలినా బిడ్డకు తక్కువ హాని చేసే ఊహనే ఎంచుకోవాలని విద్యావేత్త ఆన్ డానెలన్ 1984లో ప్రతిపాదించారు. అర్థం కాని బిడ్డకు కథ చదివితే పోయేది కొంత కాలం మాత్రమే. అర్థమయ్యే బిడ్డకు ఏమీ చదవకుండా పదేళ్లు గడిపితే పోయేది ఆమె బాల్యం.

అయితే ఈ ఉదారతకూ ఒక ప్రమాదం ఉంది. సహాయకులు చేయి పట్టి అక్షరాలపై నడిపించే పద్ధతి 1990లలో పలుదేశాలలో ఎన్నో ఆశలు రేపింది. పరీక్షించి చూడగా, వెలువడిన వాక్యాలు సహాయకులవేనని తేలింది. వారిలో అధికులు మోసగాళ్లు కారు. తమకు తెలియకుండానే రాశారు. బిడ్డ నోట పరాయి మాట పెట్టడం కూడా ఆమె మాటను కాజేయడమే.

కనుక నమ్మకంతో పాటు జాగ్రత్త అవసరం. ఈ పిల్లలలో చాలామందికి మిగిలిన సాధనం చూపు. పారదర్శకమైన రేకుకు నాలుగు మూలలా బొమ్మలు అంటించి, బిడ్డ దేనివైపు చూస్తున్నదో ఎదుటినుంచి గమనించవచ్చు. చూపును పసిగట్టి పలికే కంప్యూటర్లూ ఉన్నాయి. బొమ్మల స్థానాలు మార్చి మళ్లీ అడిగితే, ఆ చూపు యాదృచ్ఛికమో కాదో తేలుతుంది. కదలికను తలచినంతనే చేయలేకపోవడం ఈ వ్యాధి లక్షణం కనుక, ప్రశ్న వేశాక చాలాసేపు ఆగాలి. ఉపాధ్యాయుడికి అన్నిటికన్నా కష్టమైనది ఆ ఆగడమే. ముప్పై ఆరు రకాల దృష్టులను విడమరచి చెప్పిన నాట్యశాస్త్రం పుట్టిన దేశంలో చూపుకు అర్థముంటుందని వేరే చెప్పవలసి రావడం విచిత్రం.

చట్టంలో ఈ అవగాహన లేకపోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంభాషణను నిర్వచిస్తూ ప్రత్యామ్నాయ మార్గాలను కూడా చేర్చింది. తీవ్ర వైకల్యం గల పిల్లలు ఇంటివద్దనే చదువు పొందే వీలును 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ కల్పించింది. ఆ వీలు హక్కుగా ఉన్నంతవరకు మేలే. బడికి రానవసరం లేదన్న అనుమతిగా చదువుకుంటే మాత్రం గడప లోపల మరో మౌనం మొదలవుతుంది.

తెలుగు ఇంటి బిడ్డకు ఆ రేకుపై ఉండవలసినవి ఇంట్లో వినబడే మాటలే: అమ్మ, నీళ్లు, ఇంకా, చాలు, వద్దు. సాధారణంగా పెద్దలు మరచేది మరొకటి ఉంది: "ఇవేవీ కాదు". దానికొక మూల కేటాయించకపోతే, బిడ్డ ఎటు చూసినా పెద్దలు ముందే అనుకున్న జవాబే వస్తుంది.