కదలని వస్తువుల యరుగుదల

1930వ దశకమున అమెరికాలో క్రొత్త మోటారుకార్లను రైలుబండ్ల కెక్కించి దూరప్రాంతములకు పంపినప్పుడు, దారిపొడవునను వాని చక్రములు ఒక్క చుట్టైనను తిరుగకున్నను, దింపిచూచునప్పటికి కొన్నింటి చక్రపు బేరింగులలో, గుండ్లు ఆనియున్న చోట్ల, గుంటలు పడియుండెను. రైలు కుదుపునకు ప్రతిగుండును వెండ్రుక మందమునకు లోబడిన దూరమున ముందునకు వెనుకకు లక్షలమారులు జరుగగా, నడుమనున్న గ్రీజు తొలగి, ఉక్కు ఉక్కును రాచినదని ఇంజనీర్లు నిర్ణయించిరి. నిశ్చలమని లోకము పలుకు వస్తువు నిలిచియుండియే నశించుచున్నదన్న మాట!

వస్తువు నశించుట యెప్పుడు, దేనివలన అను ప్రశ్న మన దర్శనములలో మిక్కిలి పాతది. ఉన్నదెల్ల క్షణికమనియు, వినాశమునకు బాహ్యహేతువుతో పనిలేదనియు బౌద్ధులు వాదించిరి. పదునొకండవ శతాబ్దమున రత్నకీర్తి ‘క్షణభంగసిద్ధి’ని రచించినది ఇందులకే. ‘ఇది అదియే’ యను ప్రత్యభిజ్ఞ మనకు కలుగుచుండగా వస్తుస్థైర్యమును కాదనుట యెట్లని నైయాయికులు ప్రశ్నించిరి. ఉదయనుడు ‘ఆత్మతత్త్వవివేక’మున క్షణభంగమును ఖండించెను. ఈ చర్చలో వినాశమునకు తరచుగా చూపబడిన దృష్టాంతము ముద్గరపు దెబ్బకు పగిలిన ఘటము. అది ఒక్క పెట్టున జరుగు నాశము; మెల్లగా జరుగు నాశమున కది చాలిన దృష్టాంతము కాదని నా తలంపు.

అరుగుదలను లెక్కకట్టువారి పని చూడుడు. 1953లో ఆర్చర్డు ప్రకటించిన సూత్రము ననుసరించి, అరిగిపోవు లోహపు పరిమాణము మీదనున్న బరువును బట్టియు, రాపిడి సాగిన దూరమును బట్టియు పెరుగును. లోహపు కాఠిన్యమును బట్టి తగ్గును. ఇందులకు తోడగు గుణకము తర్కముచే సిద్ధించునది కాదు, పరీక్షచేతనే తెలియవలెను. గణకుడు తాకుడుతలమును చిన్నచిన్న ఖండములుగా విభజించి, ఒక్క కంపనములో ఒక్కొక్క బిందువుకడ ఒత్తిడి యెంత, జారుడు ఎంత యని కనుగొని, ఆ లోతును వేయింట హెచ్చవేసి, తలమును అంతమేర దించి, మరల మొదటినుండి ఒత్తిడిని లెక్కించును. లక్షల కంపనములను ఒకటొకటిగా లెక్కించుటకు కాలము చాలదు గనుక, ఆ వేయి కంపనముల పర్యంతము తలము మారలేదని యతడు నమ్మితీరవలెను. వేయింటికి మారుగా పదివేలని యాశపడెనా, ఒక బిందువు మితిమీరి దిగిపోవగా దాని భారము ప్రక్క బిందువుపై పడి, మరుసటి మెట్టున అదియు దిగి, తుదకు గణితములోని తలము రంపపు పండ్లవలె తయారగును. ప్రయోగశాలలోని ఉక్కుముక్కకు అట్టి రూపమే యుండదు. స్థైర్యమును ఎంతవరకు నమ్మవచ్చునో నిర్ణయించునది మన సౌకర్యము కాదు, ఆ తాకుడే.

ఉక్కు అరుగుదల క్షణభంగమును రుజువు చేయునని నేననను; అది ఇంతకంటె సూక్ష్మమైన వాదము. కాని బరువు లేనిదే, జారుడు లేనిదే అరుగుదల లేదు గనుక, ఇచట నాశము హేతువు నపేక్షించుచునే యున్నది. ఈ యంశమున రత్నకీర్తి పక్షము నాకు బలహీనముగా తోచుచున్నది. రైలునుండి దింపిన బేరింగును చూచి ‘ఇది అదియే’ యనువాని కన్ను దానిలోని గుంటల నెరుగలేదు గనుక, ప్రత్యభిజ్ఞ యొక్కటే ప్రమాణముగా నిలిచిన నైయాయికపక్షమును అంతకంటె దృఢము కాదు.

పైగా అరిగినదంతయు వెంటనే బయటికి పోవుట లేదు. ఉక్కు రాపిడిలో పుట్టిన ఎఱ్ఱని తుప్పుపొడి ఆ రెండు తలముల నడుమనే చిక్కి, తానే కొంత భారము మోయుచుండును. ఫ్రాన్సు దేశీయుడగు మోరిస్ గొదే దీనిని మూడవ వస్తువుగా పరిగణింపవలెనని 1980లలో బోధించెను. ఈ పొడి నడతను చేర్చని లెక్క అసంపూర్ణమే.

తర్కశాస్త్రమును బోధించు పండితులకు నాదొక మనవి: నాశహేతువును గూర్చి పాఠము చెప్పు దినమున, పగిలిన ఘటముతోపాటు గుంటలు పడిన బేరింగు నొకదానిని విద్యార్థుల చేతికిచ్చి, ఇది ఎప్పుడు నశించినదో చెప్పుడని యడుగుడు.