కాపలా ఎవరి కోసం?

"జింకను కాపాడడానికి చట్టం ఉంది. మరి నా చేనును కాపాడడానికి ఏముంది?" ఆర్మూరులో ఒక పసుపు రైతు వేసిన ప్రశ్న ఇది. తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు.

1963 జూలై 26న పండిట్ నెహ్రూ పోచంపాడు వద్ద గోదావరిపై శంకుస్థాపన చేసిన ప్రాజెక్టే నేటి శ్రీరాంసాగర్. ఎండాకాలంలో నందిపేట వైపు వెళ్ళినవారు చూసే ఉంటారు. జలాశయం నీరు వెనక్కు తగ్గగానే తేమ నేలపై పచ్చగడ్డి మొలుస్తుంది. కృష్ణజింకలు మందలుగా వచ్చి మేస్తాయి. వయసు వచ్చేకొద్దీ మగజింక వీపు నల్లబడుతుంది, కొమ్ములు మెలికలు తిరుగుతాయి. దట్టమైన అడవి వాటికి సరిపడదు. దూరం చూడగల కన్ను, పరుగెత్తగల కాలు, ఇవే వాటికి రక్ష. అందుకే వాటికి విశాలమైన బయలు కావాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చింది. దాన్ని వేటాడితే కనీసం 3 ఏళ్ళ జైలు. చట్టం జింక ప్రాణానికి అడ్డు నిలిచింది గాని, దాని మేతకు పూచీ పడలేదు. నీరు తగ్గిన నేలను దున్నేవారినీ నిందించలేము. ప్రాజెక్టు కోసం పొలాలు వదులుకున్న ఊళ్ళు అవి. మేత తగ్గిన జింక గట్టు దాటి పైరులో పడుతుంది. ఇందులో దోషి ఎవరు?

ప్రియ పాఠకులారా, ఆ నీళ్ళు కాకతీయ కాలువ గుండా జగిత్యాల, కరీంనగర్, వరంగల్ దాకా పారుతున్నాయి. మేలు పదిమందిది, నష్టం మాత్రం ఒడ్డున ఉన్న రైతుది. అది న్యాయమా? "జింకను కాపాడండి" అని దూరాన కూర్చుని చెప్పడం సులువు. ఆ కాపాడడానికయ్యే ఖర్చును పంచుకోవడమే కష్టం. పైరు పోయిన రైతుకు పరిహారం త్వరగా అందాలనీ, ఒడ్డున కొంత బయలును మేతకు విడిచిపెట్టాలనీ అడగవలసింది రైతు ఒక్కడే కాదు, మనమందరమూ.

తొలి మానవుని దేవుడు తోటలో ఉంచింది సాగుకే కాదు, కాపలాకు కూడా అని ఆదికాండము చెబుతుంది. మనకు తెలిసిన కాపలా మంచె ఎక్కి జంతువును తరమడం. ఆ జంతువుకు కూడా కాపలా ఉండమన్నది మరింత బరువైన పని. ఆ బరువును ఒక్క రైతు భుజాన వేసి మనం తప్పుకోరాదు.