తెరకు ఇవతల

"సినిమాలు చూసి లోకం బాగుపడుతుందా?" అని మావారు ఎప్పుడూ దెప్పుతుంటారు. బాగుపడుతుందనే నా వాదన. తెలంగాణ రైతుల పోరు మీద కృష్ణ చందర్ ఉర్దూలో నవల రాస్తే, దాని ఆధారంగా బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్ 1979లో 'మా భూమి' తీశారు. మన బాధ పరాయి భాషల వాళ్ళకు అర్థమైంది కదా!

ఆ చిత్ర నిర్మాతల్లో ఒకరైన బి. నరసింగరావు దర్శకత్వం వహించిన 'దాసి' (1988)ని మొన్న హన్మకొండలో మా ఇంట్లో మళ్ళీ చూశాను. దొర గడీలో దాసి కమలాక్షిగా అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు ఊరికే రాలేదు. నా కొంగు తడిసిపోయింది.

గిన్నెలు తోమడానికి వచ్చినామె గుమ్మం దగ్గరే నిలబడి కాసేపు చూసింది.

"గా పిల్ల పొద్దటిసంది పనిజేస్తనే ఉన్నది. ఎప్పుడు తిన్నదమ్మా?" అంది.

సినిమా అంతా ఏడ్చాను గానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆరేళ్ళుగా మా ఇంట్లో చేస్తున్న ఆమెను కూడా ఎన్నడూ అలా అడిగిన గుర్తు లేదు.

తెర మీది మనిషి జీతం పెంచమనదు, సెలవు కావాలనదు. అందుకే ఆమె కోసం ఏడవడం తేలిక. సినిమా న్యాయం చేయలేదు, చూపునిస్తుంది. ఆ చూపుతో ఎటు చూడాలన్నది మన పని.

"నువ్వు తిన్నవా?" అన్నాను. లేదన్నట్టు తలూపింది. కూర్చోమంటే, సోఫా వైపు ఓసారి చూసి నేల మీద కూర్చుంది. నేనూ కంచం తెచ్చుకుని పక్కనే కూర్చున్నాను. గొప్పపనేం కాదు, ఆరేళ్ళ బాకీలో ఒక్క పూట తీరింది.

మావారికి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు.