వల వాటా

డచ్చివాళ్లు భీమునిపట్నాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పి వెళ్లిపోయిన కొత్తలో, గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఒక జాలరిపేట ఉండేదట. పేట మొత్తానికీ అలివి వల ఒక్కటే. పడవ మీద తీసుకెళ్లి దాన్ని నీళ్లలో అర్ధచంద్రంగా దింపి వస్తే, ఒడ్డున ఆడా మగా రెండు జట్లయి చెరో కొసా పట్టుకుని లాగేవారు. పడిన చేపను ఇసక మీద కుప్పపోసి వాటాలు వేసేవారు. మనిషికొకటి, పడవకొకటి, వలకు రెండు. వల వాటా ఎవరింటికీ పోయేది కాదు. దాన్ని అమ్మిన డబ్బుతోనే తెగిన కన్నులు అల్లుకోవాలి, పీచు తాళ్లు కొనుక్కోవాలి. చేప పడని రోజున మనిషికీ ఏమీ లేదు, వలకీ ఏమీ లేదు.

వల ఉంది గానీ పడవ కట్టగలవాడు పేటలో లేడు. ఒక కార్తీకమాసంలో పలకలు కలిపి కుట్టిన తాడు నడిసముద్రంలో తెగిపోయి ముగ్గురు మునిగిపోయారు. ఆ రోజుల్లో ఓడలు కట్టడమంటే కోరంగి. అక్కడి మేస్త్రీ కుర్రాణ్ని అయిదేళ్లలో తయారుచేసి పంపుతానన్నాడు. అయితే తిండికీ పనిముట్లకూ తన దక్షిణకూ ఏడాదికింత అని పంపాలన్నాడు.

గంగమ్మ గుడి దగ్గర పేట కూడింది. చురుకైన కుర్రాడొకణ్ని ఎంచారు. "నేర్చుకునేది ఆడు, రేపు తినేదీ ఆడే. ఆడి అయ్యే కట్టుకోవాల" అన్నాడు కులపెద్ద. ఆ అయ్యకున్నది ఒక పాత తెప్ప. ఎవరూ ఏమీ అనలేకపోతున్న సమయంలో షావుకారు ముందుకొచ్చి, "నేనిస్తాను, పని నేర్చాక తీరుస్తాడులే" అన్నాడు. పేట ఊపిరి పీల్చుకుంది.

అయిదేళ్లకు కుర్రాడు గొప్ప పనివాడై తిరిగొచ్చాడు. అప్పటికి వడ్డీ అసలును మించిపోయింది. బాకీ తీరేదాకా షావుకారు దొడ్లోనే పని. అతను కట్టిన పడవలు కళింగపట్నం వర్తకులు కొన్నారు, విశాఖపట్నం వర్తకులు కొన్నారు. ఆ ధర పెట్టి కొనే శక్తి పేటలో ఎవరికీ లేదు. కుర్రాడు చెడ్డవాడేం కాదు. షావుకారు కూడా, మాట ప్రకారం చూస్తే, తప్పేమీ చెయ్యలేదు. పేటవాళ్లు మాత్రం ఆ కుట్టు తెగిన పడవనే మళ్లీ కుట్టుకుని ఎక్కారు.

రెండోసారి ఇంకో కుర్రాణ్ని ఎంచినప్పుడు షావుకారు జోలికి పోలేదు. వల వాటాలోంచే పంపారు. వలకు చిల్లులు పడ్డా అల్లుకోకుండా ఆ కుర్రాణ్ని చదివించారు. వాడు కోరంగి నుంచి తిన్నగా ఓడెక్కి బర్మాలోని మౌల్మేను పోయాడు. అక్కడ టేకు ఉంది, కూలి మూడింతలు. తల్లికి ఒకటి రెండుసార్లు చీరలు పంపాడు. పేటకు పడవ రాలేదు.

మూడో కుర్రాడి మాట వచ్చేసరికి గుడి దగ్గర పెద్ద రగడ. పిల్లలు లేని ఒకాయన లేచి, "నాకు బిడ్డల్లేరు, నా వాటా ఎందుకు తగ్గాల?" అన్నాడు. చేపల గంప నెత్తిన పెట్టుకుని తగరపువలస సంతకు పోయే ముసలమ్మ ఒకామె ఉంది. మునిగిపోయిన ముగ్గురిలో ఒకడు ఆమె మొగుడు.

"నువ్వెక్కే పడవ కుట్టినోడు నీ కొడుకే అవ్వాలేటి, బావా?" అంది. "ఎవుడి కొడుకు సరిగ్గా నేర్చుకునుంటే నా మొగుడు ఇంటికొచ్చేవోడో నాకేటి తెలుసు?"

"సరే, మౌల్మేను పోయినోడి సంగతేటి మరి?" అన్నాడు కులపెద్ద.

"ఆణ్ని మనం అడిగేమా? అడగనేదు. కొత్తగా తాడు పట్టుకునే గుంటడి దగ్గర మన వల ముందే సొమ్ము తీసుకుంటదా? చేప పడ్డాక తన వాటా తను తీసుకుంటది. పడకపోతే ఊరుకుంటది. ఈ గుంటడికీ అదే లెక్క సెప్పండి. ఎక్కడ పని చేసినా, కట్టిన పడవకింత అని వల వాటాలో ఎయ్యాల. పని దొరకని ఏడు ఏమీ ఎయ్యక్కర్నేదు. వొడ్డీ నేదు."

షావుకారు నవ్వాడు. "ఎగ్గొడితే?"

"నీకెవులూ ఎగ్గొట్టనేదేటి, బాబూ?"

అలాగే పంపారు. మూడోవాడు పేటకే పడవ కట్టాడు, తర్వాత కాకినాడలోనూ కట్టాడు. వాటా కొన్నేళ్లు వేశాడు, కొన్నేళ్లు వెయ్యలేదు. నాలుగోవాడికి బాడిస పట్టడమే రాలేదు. ఓడలో వంటవాడయ్యాడు, దమ్మిడీ తిరిగి రాలేదు. ముసలమ్మ పట్టించుకోలేదు. ఆమెకు కోపమొచ్చింది అయిదోవాడి విషయంలో. ఆ ఏడు కులపెద్ద వల వాటా అంతా గంగమ్మ పండక్కి ఖర్చుపెట్టి, కోరంగికి పంపాల్సింది "వచ్చే నెల, పై నెల" అంటూ వాయిదా వేశాడు. మేస్త్రీ ఆ కుర్రాడి పనిముట్లు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నేర్చుకోవాల్సిన కుర్రాడు నెలల తరబడి ఊరికే కూర్చున్నాడు. కబురు తెలిసి ముసలమ్మ ఇసక మీద కుప్పకు అడ్డంగా నిలబడింది. ఆ రోజు నుంచి కుప్ప పొయ్యగానే మొదట తీసేది చదువుకునేవాడి వాటా. కులపెద్ద వాటా ఆ తర్వాతే.

నీతి

నీతి కథకు నీతి ఒక్క వాక్యంలో చెప్పడం ఆచారం. ఈ కథలో గుడి దగ్గర మాట్లాడినవాళ్లంతా ఇంకా మన మధ్యనే ఉన్నారు కాబట్టి ఒక్క వాక్యం చాలదు.

ముందు, చదువుకు పెట్టే డబ్బు ఎవరిదన్న సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు కొండ మీదికి వచ్చింది. దాని సైన్సు కాలేజీకి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరుంది. ఆయన దాతృత్వం గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నాం, వినాల్సిందే. అయితే జమీందారు చేతిలోని రూపాయి శిస్తు రూపాయి. జయపురం కొండల్లో ఆ శిస్తు కట్టిన రైతు పిల్లల్లో వాల్తేరు మెట్లెక్కినవాళ్లు ఎందరుంటారు? ఇవాళ భీమిలి రేవులో చేపలమ్మే మనిషి సబ్బు కొన్నా, ఫోను రీఛార్జి చేయించుకున్నా పన్ను కడుతోంది. యూనివర్సిటీ చదువుకు ప్రభుత్వం డబ్బివ్వాలా వద్దా అని మనం వాదించుకుంటున్నామే, ఆ ప్రభుత్వంలో ఆమె వాటా ఎప్పుడో పడిపోయింది. "నా పన్నుతో ఇంకొకరి పిల్లలకు చదువేమిటి" అని అడిగే హక్కు అందరికంటే ముందు ఆమెకుంది. అడగనిది ఆమె ఒక్కతే.

"వాడి అయ్యే కట్టుకోవాలి" అన్న వాదన మన రాష్ట్రంలో కోర్టు దాకా వెళ్లింది. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లోనే చట్టం చేసుకున్నాం, అయినా అది పోలేదు. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అన్న కేసులో 1993లో సుప్రీంకోర్టు ఒక మధ్యేమార్గం పెట్టింది. పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కు. ఆపైన ప్రభుత్వానికున్న ఆర్థిక శక్తిని బట్టి. ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. వినడానికి న్యాయంగానే ఉంది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని కొట్టేస్తూ అన్న సంగతి మాత్రం గుచ్చుకుంటుంది. ఫ్రీ సీట్లు ఎక్కువగా కలిగినవాళ్ల పిల్లలకే పోయాయి, అంతగా లేనివాళ్లు ఎక్కువ ఫీజు కట్టి పేమెంట్ సీట్లలో చేరాల్సి వచ్చింది. ఎందుకో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పాలా? ర్యాంకుకు ముందు కోచింగుంది, కోచింగుకు ముందు హాస్టలు ఫీజుంది. పై మెట్టు మీద ఉచితం అని రాసిపెడితే, కింది మెట్లకు డబ్బు కట్టగలిగినవాడే అక్కడికి చేరతాడు.

ఇక షావుకారు. ఇప్పుడతను మర్యాదస్తుడు, బ్యాంకు మేనేజరు. ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా విద్యారుణం ఇస్తాడు, అది దాటితే చాలాచోట్ల ఇంటి కాగితాలు అడుగుతాడు. తప్పు పట్టడానికేం లేదు. కానీ నెలవారీ వాయిదా నెత్తిన ఉన్న కుర్రాడు ఏం చదవాలో ఆ వాయిదాయే చెబుతుంది. అప్పు చేసి చరిత్ర చదివినవాణ్ని నేను చూడలేదు. పాడేరు ఏజెన్సీలో పనిచేస్తానని అప్పు చేసి డాక్టరీ చదివే అమ్మాయి ఉంటే ఆమెకు దండం పెట్టాలి.

ముసలమ్మ చెప్పిన పద్ధతికి దగ్గరగా ఆస్ట్రేలియా 1989లో ఒకటి పెట్టింది. చదువుకునేటప్పుడు కట్టక్కర్లేదు, జీతం ఒక మెట్టు దాటాక పన్నుతోపాటు కొంత కడతారు, దాటనివాళ్లను అడగరు. బాకీ పెరిగినా ధరలు పెరిగినమేరకు మించదు, పైన వడ్డీ లేదు. ఇంగ్లండు కూడా జీతం మెట్టు దాటాకే వసూలు చేస్తుంది. అయితే 1998లో ఏడాదికి 1,000 పౌండ్లన్న ఫీజును 2012 నాటికి 9,000 పౌండ్ల దాకా పోనిచ్చి, పైన వడ్డీ కూడా వేసింది. వాటాలా ఉండాల్సింది షావుకారు చిట్టాలా తయారైంది.

మౌల్మేను పోయినవాడి విషయంలో ముసలమ్మ లెక్క కూడా కొంత కుంటుతుంది, ఒప్పుకోవాలి. మన పన్ను ఆఫీసు చెయ్యి డల్లాస్ దాకా చాచుకోదు. అక్కడి మనవాళ్లు ఇంటికి పంపే డబ్బుతో ఊళ్లో మేడలు లేస్తున్నాయి. తాము చదువుకున్న డిపార్టుమెంటు లేబొరేటరీకి అందులో వచ్చేది బహు కొంచెం.

చివరికి, పేద పిల్లల కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008 ప్రాంతంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దాన్ని బీసీలకూ ఇతర పేదలకూ విస్తరించినప్పుడు, ఇంజనీరింగ్ కాలేజీ గేటు ఎప్పుడూ చూడని ఇళ్ల నుంచి పిల్లలు వచ్చారు. ఎవరేమన్నా అది పెద్ద పని. నా అభ్యంతరాలు రెండు. ఒకటి, ఆ డబ్బులో ఎక్కువ భాగం ప్రైవేటు కాలేజీలకు పోతుంటే, సొంత యూనివర్సిటీల్లో ప్రొఫెసర్ల పోస్టులు ఖాళీగా ఏళ్లు గడుస్తున్నాయి. అంటే ఇంకొకరి వలకు అద్దె కడుతూ మన వల చిల్లులు వదిలేస్తున్నాం. రెండోది బకాయి. 2020లో విద్యాదీవెన అని పేరు పెట్టి, ఆ తర్వాత డబ్బు తల్లుల ఖాతాలో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే అన్నారు. ఏ ఖాతా అన్నదాని మీద రెండు పార్టీలూ ఎంత వాదించుకున్నా, ఏ తేదీన అన్నది ఎవరూ చట్టంలో రాయలేదు. డబ్బు రాలేదని సర్టిఫికెట్లు ఆపేసే కాలేజీలున్నాయి. ఉద్యోగం వచ్చి కూడా ఆ కాగితాల కోసం తిరిగే పిల్లలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

మంత్రుల జీతాలు, ఎమ్మెల్యేల పింఛన్లు, ప్రభుత్వం తెచ్చిన అప్పుల మీద వడ్డీలు ఆగిపోయాయన్న వార్త మనం చదవం. రీయింబర్స్‌మెంట్‌ను కూడా వాటి వరసలోనే చేరుస్తూ అసెంబ్లీ ఒక చిన్న చట్టం చెయ్యొచ్చు. ఏడాదిలో నాలుగు తేదీలు రాసి, ఆ తేదీ దాటితే వడ్డీ ప్రభుత్వమే కట్టాలని, సర్టిఫికెట్ ఆపే అధికారం ఏ కాలేజీకీ లేదని అందులో ఉండాలి. అందుకు పెద్ద కమిటీ అక్కర్లేదు. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఒక పూట చాలు.