కథ వచ్చి కాపురమున్న ఊరు

మన దేశములో ఊరికి ఒక కథ ఉండుట వింత కాదు. సీతారాములు నివసించిన పంచవటి ఇదియే యని నాసికులోను చూపుదురు, భద్రాచలము చేరువనున్న పర్ణశాలలోను చూపుదురు. రెండు చోట్లకును పోయివచ్చిన యాత్రికుడు వానిలో ఏదో ఒకటి అబద్ధమని తగవులాడగా నేనెన్నడును వినలేదు. స్థలపురాణము కోరునది శ్రద్ధ, సాక్ష్యము కాదు. అయితే కల్పితమని అందరును ఎరిగిన కథ, అందును భక్తికి గాక కేవలము నవ్వుకొనుటకై పుట్టిన కథ, ఒక ఊరికి జనమును బస్సులలో రప్పించుచున్నదనుకొందము. ఆ ఊరు తన అతిథులకు ఏమి బాకీపడును? ఆ అతిథులు ఊరికి ఏమి బాకీపడుదురు? ఈ ప్రశ్నను విచారించుటకు ఇంగ్లండులోని హోమ్‌ఫర్త్ కంటె తగిన ఉదాహరణము నాకు తోచలేదు.

హోమ్‌ఫర్త్ యార్క్‌షైరు పడమటి భాగమున, హడర్స్‌ఫీల్డు నగరమునకు దక్షిణమున, హోమ్ నది లోయలో నున్న చిన్న పట్టణము. రాతి ఇండ్లు, నిట్టనిలువు వీధులు, చుట్టును గడ్డి కొండలు. ఉన్ని నేతతో బ్రతికిన సీమ. రాయ్ క్లార్క్ రచించిన ‘లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్’ అను హాస్య ధారావాహికను బి.బి.సి. వారు ఇచ్చట చిత్రించి 1973లో ప్రసారము చేయ నారంభించిరి. అది 2010 వరకు, 37 సంవత్సరములు, 295 భాగములుగా నడిచెను. ఈ జాతి హాస్య ధారావాహికలలో ఇంతకాలము సాగినది ప్రపంచమున మరియొకటి లేదు. అందులో కథ యనదగిన కథ లేదు. పనిపాటలు తీరిన ముగ్గురు పెద్దవారు కొండలవెంట తిరుగుదురు. చక్రములు బిగించిన తొట్టెలలో ఏటవాలున జారుదురు. కాఫీ హోటలులో కూర్చుండి లోకమును గూర్చి ముచ్చటించుదురు. వారిలో చినిగిన కోటుతోను, రబ్బరు బూట్లతోను తిరుగు కాంపో, నోరా బాటీ అను ఇల్లాలిపై మనసుపడును. ముడుతలుపడిన మేజోళ్లు ధరించిన ఆమె, చీపురు పుచ్చుకొని అతనిని తరుమును. ముప్పదియేడు సంవత్సరములు జనము చూచి సంతోషించినది ప్రధానముగా ఇంతే.

ఇందలి కాఫీ హోటలు సంగతి మొదట చూడుడు. అది పూర్వము హోటలే కాదు; ఒక ఇనుపసామానుల అంగడివారు సరకు దాచుకొను గది. చిత్రీకరణము కొరకు దానిని పైపైన ‘సిడ్స్ కెఫే’గా అలంకరించిరి. చూడవచ్చు జనము పెరిగిన పిదప అది నిజముగానే హోటలయ్యెను. దీనిని మోసమనువారు ఉండవచ్చును. నేననను. గోడమీది పేరు కల్పితమే. కాని కప్పులోని తేనీరు కల్పితము కాదు. దానిని కాచినవారి శ్రమయు, వారికి ముట్టిన కూలియు కల్పితములు కావు. కల్పన నిజమగుట ఎట్లని తార్కికులు ఎంతయో వాదింతురు గాని, పొయ్యి వెలిగించి నలుగురికి తేనీరు పోసినచో ఆ పని జరిగిపోవుచున్నది.

మనకును ఇట్టిది తెలియనిది కాదు. ఆర్. కె. నారాయణ్ తన మాల్గుడిని ఏ దేశపటములోను పెట్టలేదు. శంకర్ నాగ్ ఆ కథలను దూరదర్శన్ కొరకు ధారావాహికగా తీయగా, పడమటి కనుమలలోని ఆగుంబె గ్రామము మాల్గుడి అయ్యెను. శివమొగ్గ జిల్లాలోని అరసాళు రైలు స్టేషను మాల్గుడి స్టేషనయ్యెను. 1986లో అది ప్రసారమైనది. 2020లో రైల్వేవారు అరసాళులోని పాత స్టేషను కట్టడమును మాల్గుడి మ్యూజియముగా తీర్చిరి. లేని ఊరిని చూచుటకై అక్కడికి పోవువాడు మోసపోయినవాడు కాడు. చిన్ననాడు తాను ప్రేమించినదానికి ఒక గోడయు, ఒక గడపయు ఉండిన బాగుండునని పోవుచున్నాడు. ఆ కోరికలో తప్పేమున్నది?

కనుక కల్పితమును చూపుటయే దోషమని నేను తలంపను. దోషము పుట్టుట కవకాశము వేరుచోట నున్నది. హోటలు పెట్టినవారు అతిథిని పిలిచిరి, ఫలమును పొందిరి. నోరా బాటీ ఇల్లుగా తెరమీద కనబడిన ఇల్లు తరువాత సెలవులకు వచ్చువారి విడిదియయ్యెను. ఇంటివారు ఇష్టపడి చేసినదానిని ప్రశ్నించుటకు మనమెవ్వరము? కాని ఆ రాతిమెట్ల చుట్టును వేరు ఇండ్లు కలవు. ధారావాహికతో గాని, దాని లాభముతో గాని ఏ సంబంధమును లేని కుటుంబములు ఇట్టి వీధులలో కాపురముండును. మెట్లమీద నిలిచి ఫోటో తీయించుకొనువాడు ప్రక్కనున్న కిటికీకి లోపలివైపు ఒకటి కలదను మాట మరచును. తీర్థస్థలమున పూజారికి దక్షిణయు, వీధివానికి దుమ్మును దక్కుట మన మెరిగినదే. అడుగకయే తమ ఊరిలో తామే పాత్రలు కావలసివచ్చినవారి పక్షమున మాటలాడువారు తక్కువ.

ధారావాహిక నడిచిన తొలి దశాబ్దములలోనే ఆ సీమలో ఉన్ని మిల్లులు ఒకటొకటిగా మూతపడెను. పని పోయిన చోట పనిలేని ముసలివారిని వేడుకగా చూపుట క్రూరము కాదా యని ఒక మిత్రుడు నన్నడిగెను. ఆ ముగ్గురిని చూచి మనము నవ్వుట లేదు, వారితో కూడ నవ్వుచున్నామని నా సమాధానము. మిత్రుడు పూర్తిగా ఒప్పుకొనలేదు.

ఇంతకంటె బరువైన సంగతి ఒకటి కలదు. 1852 ఫిబ్రవరి 5వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, లోయకు ఎగువనున్న బిల్బెరీ జలాశయపు కట్ట తెగెను. 81 మంది చనిపోయిరి. ఆ కట్టను నీటి ఊటమీద కట్టిరి. అది క్రమముగా క్రుంగెను. మిగులు నీరు పోవుటకై నిర్మించిన బావి నోటికంటె కట్టయే పల్లమగుటచే, ఆ యేర్పాటు నిష్ప్రయోజనమయ్యెను. ఈ లోపము నిర్వాహకులకు ముందే తెలియును. బాగుచేయింపలేదు. విచారించిన జ్యూరీవారు నిర్వాహకులది ఘోరమైన అశ్రద్ధ యని నిర్ణయించిరి. కాని జలాశయము వ్యక్తుల చేతిలో గాక ఒక సంస్థ చేతిలో నుండుటచే నరహత్యాదోషమును మోపజాలకపోతిమని విచారము తెలిపిరి. సంస్థకు లాభము పొందుటకు చేతులుండి, శిక్ష పొందుటకు మెడ లేకుండుట ఆనాటితో తీరిన వింత కాదు. 1801లో ఆ ఊరిలో నిలిపిన రాతిస్తంభముమీద, వరద ఎంత ఎత్తు వచ్చినదో తెలుపు గుర్తు నేటికిని కలదు.

కాంపోను తలచుకొని నవ్వుచు వచ్చు అతిథి ఆ స్తంభమును దాటిపోవును. అతడు ఆగి కన్నీరు కార్చవలెనని నేననను. అతడు వచ్చినది అందులకు కాదు. బాధ్యత ముందుగా ఊరిది. ఒక కథవలన బ్రతుకునట్టి ఊరు, అడుగువారు లేరను కారణమున తక్కిన కథలను చెప్పుట మానును. అమ్ముడుపోని జ్ఞాపకము మొదట అంగడి బల్లమీదినుండి తొలగును, పిదప బడిలోని పాఠమునుండి, కడపట తాతల నోటినుండి. ఇందులకు హాస్యరచయితను నిందింపరాదు. అతడు ఆ ఊరి చరిత్ర వ్రాయుదునని మాట ఇయ్యలేదు. తేనీరు పోయు చేతితోనే స్తంభము ఎక్కడనున్నదో చూపుట ఊరివారికి కష్టమైన పనియు కాదు.

వచ్చినవారిని గూర్చి కూడ ఒకమాట చెప్పవలెను. కాంపో వేషము ధరించిన బిల్ ఓవెన్ లండనులో పుట్టినవాడు. వేషము కొరకు వచ్చి, ఆ ఊరిని ప్రేమించి, తన్ను అక్కడనే పాతిపెట్టవలెనని కోరెను. 1999లో అతడు మరణించగా, హోమ్‌ఫర్త్‌కు పైనున్న అప్పర్‌థాంగ్ గ్రామపు చర్చి ఆవరణలో సమాధి చేసిరి. మరుసటి యేడు ధారావాహికలో కాంపోకును అంత్యక్రియలు జరిపిరి. అటుపిమ్మట ఓవెన్ కుమారుడు టామ్, కాంపో కుమారుడుగా తెరమీదికి వచ్చెను. మొదటి భాగమునుండి చివరి భాగమువరకు విడువక నటించిన పీటర్ సాలిస్‌ది కూడ లండనే. అతడు 2017లో చనిపోయినప్పుడు, ఓవెన్ ప్రక్కనే చోటు చూపిరి.