పత్రికాగ్రహము

అన్యాయమును జూచి కోపింపనివానిని లోకము జడుడనును. కాని యా కోపము స్త్రీమీదికి మరలినప్పుడు తఱచుగా నొక వింత జరుగును. ఆమె చేసిన పనిని విడిచి యామె పుట్టుకను విచారింప మొదలిడుదుము. ఈ త్రోవను పత్రికలు చూపుట క్రొత్త గాదు.

1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును పరిష్కరించి వావిళ్లవారిచేత నచ్చు వేయించెను. ముద్దుపళని 18వ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమందలి విదుషి. కావ్యము శృంగారమయము, కాదని మేమనము. అయినను, వ్రాసినదియు వేశ్యయే, పరిష్కరించినదియు వేశ్యయే యని నాటి పత్రిక యొకటి యెత్తిపొడిచెను. ఇందు కావ్యవిమర్శ మెక్కడ? మన యలంకారశాస్త్రమున నశ్లీలదోషమునకు లక్షణము గలదు, రసాభాసమునకు లక్షణము గలదు. కవి యెవరి కడుపున బుట్టెనో యడుగుమను సూత్రము మాత్రము మాకు గనబడలేదు.

అంతకుముందే వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళని వృత్తిని జూపి నిందించియుండిరి. వితంతువుల కన్నీరు తుడిచిన చేయియే యా మాటలు వ్రాసినది. సంస్కరణమును గోరు మాబోంట్లకిది మ్రింగుడు పడని విషయము. నాగరత్నమ్మ జంకలేదు. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు వలదా యని యడిగెను. పంతులుగారు స్వయముగా దిద్ది యచ్చునకిచ్చిన వైజయంతీవిలాసములో శృంగారము లేదా యనియు నడిగెను.

1911లో ప్రభుత్వము ప్రతులను పట్టుకొనెను. 1947లో ప్రకాశము పంతులుగారి ప్రభుత్వకాలమున గాని నిషేధము తొలగలేదు. 1952లో గ్రంథము మరల నచ్చయ్యెను. పత్రిక మాటయే గదా యన్నది, చేయిచేసికొన్నది దొరతనము గదా యని కొందఱందురు. దొరతనము చేయి చాచునప్పటికి లోకము తల యూపి యుండవలెను. ఆ తలయూపును సమకూర్చున దెవరు?

నేడు టెలివిజన్ ఈ పనిని గడియలో ముగించుచున్నది. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరు ప్రకటింపరాదని భారతీయ న్యాయసంహిత 72వ సెక్షను శాసించుచున్నది. చట్టము పేరును గాచును. ఆమె బయలుదేరిన వేళ, కట్టిన బట్ట, వెంటనున్నవాడు మాత్రము రాత్రియెల్ల చర్చకు వచ్చుచునే యుందురు. మఱునాడు మా చోడవరములో బస్సుకొఱకు నిలిచినవారు మొదట నడుగునది, ఏమి జరిగినదని కాదు, "ఎవరి పిల్ల?" అని.